ఎడిసన్‌లో ఉన్న అబ్బాయికి

విజయవాడ, సత్యనారాయణపురం
కార్తీక సోమవారం

చిరంజీవి శ్రీధర్‌కు అమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ అందరం క్షేమం. నీవు, సౌజన్య, ఆద్య క్షేమంగా ఉన్నారని తలుస్తున్నాను. ఈ ఉత్తరాన్ని కాగితం మీద రాసి, ప్రసాదు చేత ఫోటోలు తీయించి నీ ఫోనుకు పంపిస్తాను. ఫోనులో రెండు ముక్కలు రాస్తే నీవు బొటనవేలి బొమ్మ ఒకటి పెట్టి ముగించేస్తున్నావు. ఇన్ని పేజీలకు ఆ బొమ్మ పెట్టి తప్పించుకోలేవని నా నమ్మకం. ప్రత్యేకించి రాయవలసిన విశేషమేమీ లేదు. నాగులచవితికి వచ్చినప్పుడు పెద్దమ్మ ఏదో అన్నది కానీ, దాని సంగతి తరువాత.

ప్రసాదు కొడుకును, గడిచిన నూరేళ్లలో సాంకేతిక విజ్ఞానం ఎంత వేగంగా పెరిగిందో వ్యాసం రాసుకురమ్మని బడిలో చెప్పారట. వాడు ఫోనునే అడిగి నిమిషంలో రాయించుకోబోతుంటే, ఉద్యోగమంతా టెలిఫోన్స్‌లోనే చేసిన నన్ను ఇంట్లో పెట్టుకుని దాన్ని అడుగుతావేమిటని పక్కన కూర్చోబెట్టుకున్నాను. న్యూయార్కు నుంచి లండనుకు ప్రజలు రేడియో మార్గంలో టెలిఫోను మాట్లాడుకునే వీలు 1927 జనవరి 7న మొదలైందనీ, అప్పట్లో మూడు నిమిషాలకు 75 డాలర్లు వసూలు చేసేవారనీ చెబితే వాడు నమ్మలేదు. 1956లో అట్లాంటిక్ సముద్రం అడుగున మొదటి టెలిఫోను కేబుల్ వేసినప్పుడు కూడా అందులో ఒకేసారి సాగగలిగిన సంభాషణలు 36 మాత్రమే. ఇప్పుడు నీవు ముఖం చూపిస్తూ గంటసేపు నాతో మాట్లాడినా విడిగా పైసా ఖర్చు లేదు. గంట అక్కరలేదు, పది నిమిషాలు చాలు.

ఈ కథలో సగం మీ ఇంటి చుట్టుపక్కలే జరిగింది. మీ ఊరికి ఎవరి పేరు పెట్టారో ఆ ఎడిసన్, 1877లో ఫోనోగ్రాఫునూ 1879లో విద్యుద్దీపాన్నీ తయారుచేసిన మెన్లో పార్కు మీ ఊళ్లోనే ఉన్నది. కారులో కొంత దూరం పోతే మర్రే హిల్ వస్తుంది. 1947 డిసెంబరులో టెలిఫోను పరిశోధనలు చేసే బెల్ ల్యాబ్స్‌లో బార్డీన్, బ్రాటెన్ అనేవారు, కరెంటును మీటలాగా అదుపుచేసే ట్రాన్సిస్టరు అనే చిన్న పరికరాన్ని పనిచేయించి చూపినది అక్కడే. 1971లో వచ్చిన ఇంటెల్ 4004 అనే చిప్పులో అటువంటివి 2,300 ఉండేవి. ఇప్పుడు మంచి ఫోను చిప్పులో వెయ్యి కోట్లకు మించి ఉంటున్నాయి. ఆద్యను తీసుకుపోయి మెన్లో పార్కులో ఎడిసన్ పేరిట కట్టిన గోపురమైనా ఒకసారి చూపించు. ఓక్ ట్రీ రోడ్డుకు కూరగాయలకు వెళ్లినప్పుడు అటు పోయి రావచ్చు. ఆదివారాలు కూడా పనే అంటావేమో. లేక ఈ మధ్య తీరిక ఎక్కువగానే ఉంటున్నదా?

పెద్దమ్మ అన్నది ఇంతే. ఏఐ వచ్చిన తరువాత మీ కంపెనీలో టెస్టింగు చేసేవారిని చాలామందిని తీసివేశారని డాలస్‌లో ఉన్న వాళ్ల అల్లుడికి ఎవరో చెప్పారట. వారిలో నీవు ఉన్నావో లేదో అతనికి తెలియదట. తెలియనప్పుడు చెప్పడం దేనికి? శారద పెళ్లినాడు కూడా పెద్దమ్మ విడిది ఇంటి నుంచి ఇటువంటి మాటే మోసుకొచ్చింది, అది చివరికి ఏమయిందో నీకు గుర్తుండే ఉంటుంది. కనుక నేను నమ్మలేదు. నమ్మలేదు కానీ, హెచ్-1బి ఉద్యోగ వీసా మీద ఉన్నవారికి ఉద్యోగం పోతే వేరేది చూసుకోవడానికి అరవై రోజులకు మించి గడువు ఉండదని ప్రసాదు మాటల్లో అన్నాడు. పగలు పనిలో పడి మరిచిపోతున్నాను, రాత్రి పడుకున్నాక మాత్రం ఆ లెక్క మళ్లీ మొదలవుతున్నది.

యంత్రం వచ్చి మనిషి కుర్చీని ఖాళీ చేయించడం మన ఇంట్లో కొత్త కాదు. కాన్సాస్ సిటీలో శవసంస్కారాలు జరిపించే వ్యాపారి ఆల్మన్ స్ట్రౌజర్, తనకు రావలసిన కాల్స్‌ను ఆపరేటరు పోటీ వ్యాపారికి కలుపుతున్నదని అనుమానపడి, అసలు ఆపరేటరే అవసరం లేని ఎక్స్ఛేంజిని కనిపెట్టాడని చెబుతారు. అతనికి 1891లో పేటెంటు వచ్చింది. ట్రెయినింగులో ఈ కథ విని మేము పడి పడి నవ్వాము. మన దేశంలో ఆపరేటరు లేకుండా దూరపు ఊరికి నేరుగా ఫోను చేసుకునే ఎస్.టి.డి. 1960లో కాన్పూరు, లక్నోల మధ్య మొదలైనా, ఆ తరువాత ఎన్నో ఏళ్లకు నేను ఉద్యోగంలో చేరేనాటికి కూడా ప్లగ్గులు పెట్టి ఊరికీ ఊరికీ లైను కలిపే విజయవాడ ట్రంకు బోర్డు ముందు ఊపిరి సలిపేది కాదు. 1984లో సర్కారువారి టెలిఫోను పరిశోధన సంస్థ సీ-డాట్ ఏర్పడి, పల్లెలకు 128 లైన్ల చిన్న ఎక్స్ఛేంజిలు తయారై, వీధి వీధికీ పసుపు బోర్డుల ఎస్.టి.డి. బూతులు లేచిన తరువాత మా బోర్డు మీద దీపాలు వెలగడం తగ్గిపోయింది. చివరికి కొందరిని నంబర్లు చెప్పే 197కు, కొందరిని ఫిర్యాదుల 198కి, నన్ను బిల్లుల సెక్షనుకు వేశారు. ఆ సాయంత్రమే మీ నాన్నగారికి చెప్పాను. ‘మంచిదే, ఇకనుంచైనా ఇంట్లో కాస్త నెమ్మదిగా మాట్లాడతావు’ అన్నారాయన.

ఒక విషయం మాత్రం ఈ వ్యాసం పుణ్యమా అని లెక్క వేసి చూశాను. స్ట్రౌజర్ పేటెంటుకూ నా కుర్చీ ఖాళీ కావడానికీ నడుమ దాదాపు నూరేళ్లు గడిచాయి. 1995 జూలై 31న కలకత్తాలో ముఖ్యమంత్రి జ్యోతిబసు, ఢిల్లీలో కేంద్ర టెలికాం మంత్రి సుఖ్‌రామ్ దేశంలో మొదటి మొబైల్ కాల్ మాట్లాడుకున్నారు; ఎవరైనా మనకు ఫోను చేసినా కూడా మనమే డబ్బు కట్టవలసిన ఆ రోజుల నుంచి, 2013 జూలైలో తంతి సేవను మూసివేసే దాకా పద్దెనిమిదేళ్లు. మీ చాట్‌జీపీటీ జనం చేతికి వచ్చింది 2022 నవంబరు 30న. మూడేళ్లు. మా యంత్రం మమ్మల్ని ఉద్యోగంలో చేరనిచ్చి, పెళ్లిళ్లు చేసుకోనిచ్చి, పిల్లల్ని పెంచుకోనిచ్చి అప్పుడు వచ్చింది. పైగా అది సర్కారు కొలువు, జీతం ఆగలేదు. నీకు అటువంటి నీడ లేదు, నీ యంత్రానికి అంత ఓపికా లేదు. ఇటువంటి కాలంలో ఉద్యోగం పోవడం ఎవరికైనా జరగవచ్చు, అందులో నామోషీ పడవలసినదేమీ లేదు. నీకు జరిగిందని కాదు, మాటకు అంటున్నాను.

మాట వచ్చింది కనుక చెబుతున్నాను. ఆరు నెలల ఇంటి ఖర్చు ఎప్పుడూ చేతిలో ఉంచుకోవాలి. క్రెడిట్ కార్డు మీద బాకీ నెల దాటనివ్వకూడదు. కారు మార్చడం ఈ ఏడాదికి మానుకో. ఏ సంగతి అయినా సౌజన్యకు చెప్పకుండా ఉదయమే లాప్‌టాప్ సంచి తగిలించుకుని బయటికి వెళ్లి గ్రంథాలయంలో కూర్చోవడం వంటి పనులు చేయవద్దు. టీవీలో అటువంటి కథ ఒకటి చూశాను. ఏఐని తిట్టుకుంటూ కూర్చోకుండా దాన్నే నేర్చుకోవాలి. కంప్యూటర్లో బిల్లులు వేయడం నేను నేర్చుకున్నది నలభై దాటాకే కదా. ఉపన్యాసం ఇవ్వకూడదు అనుకునే మొదలుపెట్టాను. చదివి వదిలేయి.

నవంబరు 19 మళ్లీ దగ్గరపడుతున్నది. 1977లో దివిసీమ ఉప్పెన వచ్చిన రోజు నాకు సాయంత్రపు డ్యూటీ. రాత్రి డ్యూటీలు మగ ఆపరేటర్లవి, కానీ ఆ గాలికి వారు రాలేకపోయారు, మేము ఇళ్లకు పోలేకపోయాము. అవనిగడ్డ వైపు లైన్లు ఒకదాని వెనుక ఒకటి పడిపోయాయి. ప్లగ్గు పెడితే అవతల గంట మోగుతున్న శబ్దం కాదు కదా, గరగర కూడా లేదు. అప్పటికే ఒక మాస్టారు అవనిగడ్డకు, అన్నిటికన్నా ముందుగా కలపవలసిన లైట్నింగు కాల్ బుక్ చేసి ఉన్నారు. మామూలు కాల్‌కు ఎనిమిది రెట్ల ధర, బడిపంతులు జీతానికి అది చిన్న మాట కాదు. ఆయన భార్య పురిటికి పుట్టింటికి వెళ్లిందట. విజయవాడలో లోకల్ లైన్లు ఇంకా పనిచేస్తున్నాయి కాబట్టి, ఎవరి ఇంటి నుంచో అరగంటకొకసారి ఫోను చేసి, ‘అమ్మా, నా కాల్ ఏమయింది’ అని అడిగేవారు. కోపంగా కాదు, బస్సు ఎప్పుడని అడిగినట్లు అడిగేవారు. లైను లేదండీ అని చెబితే, ‘సరే, మీరు ప్రయత్నిస్తూ ఉండండి’ అనేవారు. అర్ధరాత్రి దాటాక సూపర్‌వైజరు ఆ టికెట్లన్నీ రద్దు చేయించాడు. అయినా నేను తెల్లవార్లూ ఆ జాక్‌లో ప్లగ్గు పెట్టి చూస్తూనే ఉన్నాను. ఊళ్లకు ఊళ్లు కొట్టుకుపోయాయనీ, పోయినవారు 10,000 మందికి పైగా ఉంటారనీ మాకు తెలిసేసరికి రోజులు గడిచాయి.

తరువాత ఒకనాడు మధ్యాహ్నం ఎక్స్ఛేంజి గేటు దగ్గరికి ఒకాయన వచ్చాడు, మోకాళ్ల దాకా ఎండిన బురద. బస్సు ఆగిపోయిన చోటి నుంచి కాలువ గట్టు వెంట నడిచి వెళ్లి, మళ్లీ నడిచి వచ్చాడట. భార్య, ఆమె తల్లిదండ్రులు ఎవరిదో డాబా ఎక్కి బతికారు, పురుడు కూడా ఆ డాబా మీదనే వచ్చిందట. ఆడపిల్ల. ఇంతకీ ఆయన వచ్చిన పని ఏమిటంటే, తన కాల్ ఇంకా బుకింగులో ఉండిపోయిందేమో, దాన్ని తీసివేస్తే ఆ లైను ఇంకెవరికైనా పనికి వస్తుందని చెప్పడానికి. అది ఆ రాత్రే రద్దయిందని నేను చెప్పలేదు. రిజిస్టరు తెప్పించి, ఆయన చూస్తుండగా ఆ పేరు మీద గీత గీశాను.

ఆయనకు లైను లేదని చెప్పడానికి నేనొక్కదాన్ని ఉన్నాను. ఇప్పుడు లైను ఉన్నది. నీవు చివరిసారి ఫోను చూసిన వేళ నిమిషాలతో సహా నాకు కనిపిస్తున్నది. మొన్న మీకు తెల్లవారుజామున మూడు గంటల పది నిమిషాలు. పనిదినాన ఆ వేళకు మెలకువగా ఉండి ఏమి చేస్తున్నావు? నిద్ర చాలకపోతే నీకు వెంటనే చెవిపోటు వస్తుంది, చిన్నప్పటి నుంచీ అంతే. చలి మొదలయి ఉంటుంది, చెవులు కప్పే టోపీ లేకుండా బయటికి పోవద్దు. ఆద్యకు ఫ్లూ ఇంజెక్షను వేయించారా లేదా?

ప్రసాదు మరదలు డిసెంబరు మొదటివారంలో న్యూజెర్సీ వస్తున్నది. గోంగూర పచ్చడి, కరివేపాకు కారం, ఆద్యకు సున్నుండలు ఆమెతో పంపుతున్నాను. పెసరపప్పువి కూడా నాలుగు కలిపాను, సౌజన్య మినప సున్ని తినదు కదా. అవి మీ ఇంటికి చేర్చడానికి ఆమెకు అడ్రసు రాసి ఇవ్వాలి. అప్పటికి మీరు ఆ ఇంట్లోనే ఉంటారా, ఇంకెక్కడికైనా మారుతున్నారా, లేక మీరే ఇటు వస్తున్నారా అన్నది నాకు తెలియాలి. ఇటు వచ్చేటట్లయితే పై వాటా ఖాళీగానే ఉన్నది, కిందటి నెలలోనే సున్నం వేయించాను. మీకు రాత్రి ఎనిమిదిన్నర అయితే మాకు ఉదయం ఏడు. ఆ వేళకు నా పూజ అయిపోతుంది, ఫోను పక్కనే పెట్టుకుంటాను.

ఆశీస్సులతో,
అమ్మ