ఎవరు రాస్తే ఆ లెక్క

ఒరేయ్ శీనూ,

ఆదివారం ఫోన్లో ఇరాక్ యుద్ధం కాగితాల మీద మన వాదన మధ్యలోనే తెగిపోయింది. మీ ఆవిడ భోజనానికి పిలవగానే టక్కున పెట్టేశావు. పెట్టేసే ముందు మాత్రం ఒక మాట విసిరావు: "మిలిటరీ కాగితాలు ఎవడో ఎత్తుకొచ్చి బయట పడేస్తే చచ్చినవాళ్ళు లేచొస్తారట్రా?" లేచిరారు. కానీ నా జవాబు అంతటితో అయిపోలేదు. వాట్సాప్‌లో పెడితే బొటనవేలు బొమ్మ పంపి ఊరుకుంటావు, అందుకే ఈ ఉత్తరం. తీరిగ్గా చదువు.

2010 అక్టోబర్ 22న వికీలీక్స్ అనే, రహస్య కాగితాలు బయటపెట్టే వెబ్‌సైటు వేసిన ఇరాక్ యుద్ధం రిపోర్టులు 3,91,832. 2004 మొదలు 2009 చివరిదాకా అమెరికా సైనికులు ఎప్పటికప్పుడు రాసుకున్నవి. అందులో పెద్ద పెద్ద కుట్రలు ఉంటాయనుకునేవు, అలాంటివేం కావు. ఎన్ని గంటలకి, ఏ చోట, ఏం జరిగింది, ఎందరు పోయారు, ఎందరికి దెబ్బలు తగిలాయి. అంతే. ముక్తసరిగా, సగం పొడి అక్షరాలతో. బాగ్దాద్ దగ్గరి స్థావరంలో పనిచేసే ఇరవై రెండేళ్ళ సైనిక నిఘా అనలిస్టు, ఇప్పటి పేరు చెల్సియా మానింగ్, లేడీ గాగా అని పైన రాసిన సీడీలోకి వాటిని ఎక్కించుకుంది. (మా ఆఫీసులో పెన్‌డ్రైవ్ పెడితేనే అలారం మోగుతుంది, అక్కడ మరీ ఇంత ఈజీనా!) 35 ఏళ్ళ శిక్ష పడింది. ఒబామా తగ్గించబట్టి 2017లో బయటికొచ్చింది.

"మేం శవాల లెక్క పెట్టం" అన్నాడు అమెరికా జనరల్ టామీ ఫ్రాంక్స్, 2002లో, అఫ్గాన్ యుద్ధం అప్పుడు. తీరా చూస్తే లెక్క ఉంది. మొత్తం 1,09,032 మరణాలు. అందులో మామూలు జనం 66,081. శత్రువులని రాసినవాళ్ళు 23,984. ఇరాక్ పోలీసులు, సైనికులు 15,196. అమెరికా, దాని మిత్రదేశాల సైనికులు 3,771. పత్రికల్లో వచ్చిన ప్రతి మరణాన్నీ ఏరి దాచే ఇరాక్ బాడీ కౌంట్ అనే సంస్థ ఈ రిపోర్టులు చూసి, తమకి కూడా అప్పటిదాకా తెలియని మామూలు జనం చావులు 15,000 దాకా ఉన్నాయని అంచనా వేసింది. అంటే వాళ్ళ ఇళ్ళల్లో తప్ప ఎక్కడా నమోదు కాని చావులు. నీ ప్రశ్నకి నా మొదటి జవాబు ఇదేరా. లేచి రాకపోతే పోయె, పోయారనైనా ఒకచోట తేలింది.

అసలు సంగతి ఆ అంకెల్లో కూడా లేదు, వాటిని ఎవరు రాశారన్న దాంట్లో ఉంది. మా ప్రాజెక్టులో అర్ధరాత్రి సర్వర్ పడిపోతే టికెట్ రాయాలి, అంటే ఏం చెడిందో, ఎందుకో నమోదు చెయ్యాలి. కారణం అనే గడిలో ఏం పెట్టాలో రాసేవాడి ఇష్టం. తప్పు మనదైనా సరే 'యూజర్ పొరపాటు' అని పెట్టి మూసేసినవాళ్ళని బోలెడుమందిని చూశాను. ఆ రిపోర్టుల్లోనూ చచ్చినవాళ్ళకి గడులున్నాయి: మనవాళ్ళు, స్థానిక బలగాలు, పౌరులు, శత్రువులు. ఏ గడిలో వెయ్యాలో తేల్చేది తుపాకీ పట్టుకున్న వైపువాళ్ళే.

2007 జూలై 12న బాగ్దాద్‌లో అమెరికా హెలికాప్టర్ నుంచి కాల్చి చంపినవాళ్ళల్లో రాయిటర్స్ వార్తాసంస్థ ఫొటోగ్రాఫర్ నమీర్ నూర్ ఎల్దీన్, డ్రైవర్ సయీద్ చమాగ్ ఉన్నారు. గాయపడ్డ మనిషిని ఎత్తుకెళ్దామని వ్యాను ఆపిన ఆయన్నీ కాల్చారు. ఆయన ఇద్దరు పిల్లలు అదే వ్యానులో ఉన్నారు, దెబ్బలతో బతికారు. ఆ వీడియో ఇవ్వమని రాయిటర్స్ చట్టప్రకారం అడిగినా ఇవ్వలేదు. 2010 ఏప్రిల్‌లో మానింగ్ ద్వారానే లోకం చూసింది. హెలికాప్టర్లోవాళ్ళ మాటలు వినిపిస్తాయి అందులో. నేను ఒక్కసారే చూశాను, నిన్ను చూడమని చెప్పను.

చెక్‌పోస్టుల దగ్గర కాల్పుల రిపోర్టులు ఇంకో రకం. కారు వస్తోంది, చెయ్యెత్తారు, ఆగలేదు, కాల్చారు, తీరా లోపల కుటుంబం. ఇలా పోయిన మామూలు జనమే 600 మందికి పైగా. నిజం చెప్పాలంటే ఇక్కడ ఆ కుర్ర సిపాయిని కూడా నేను పూర్తిగా తిట్టలేను. అంతకుముందు వారం అలాంటి కారే బాంబుతో వచ్చి ఉంటుంది వాడి మీదకి. డ్రైవరుకేమో ఆ సైగ అర్థమై ఉండదు. నేను తిట్టేది ఆ కాగితాలు వందల్లో పేరుకుంటున్నా పైన కూర్చుని చూసినవాళ్ళని.

ఖైదీల సంగతి మరీ ఘోరం. ఇరాకీ పోలీసులు ఇరాకీలని హింసిస్తే, అందులో తమవాళ్ళ చెయ్యి లేకపోతే, పై నుంచి ఆదేశం వస్తే తప్ప విచారణ అక్కర్లేదని అమెరికా సైన్యం 2004లో ఒక ఉత్తర్వు ఇచ్చింది. అందుకే దెబ్బలు, వాతలు, కరెంటు షాకులు అన్నీ రిపోర్టులో శ్రద్ధగా రాసి, చివర ఇక విచారణ లేదని పెట్టేశారు. చూశారు, రాశారు, మూసేశారు.

రాయనివి వేరే ఉన్నాయి. 2004లో ఇరాక్‌లోని ఫలూజా ఊళ్ళో రెండు పెద్ద పోరాటాలు జరిగితే, ఈ రిపోర్టుల్లో అక్కడ ఒక్క పౌరుడూ చనిపోయినట్టు లేదు. ఇరాక్ బాడీ కౌంట్ లెక్కలో 1,200 మందికి పైనే ఉన్నారు. కాబట్టి ఆ 66,081ని నేను ఎక్కడా 'మొత్తం' అని చెప్పను, కనీసం ఇంతమంది అంటాను.

నువ్వు అడ్డం వచ్చిన పాయింటు ఒకటి మాత్రం ఒప్పుకుంటాను. 2010 జూలైలో వికీలీక్స్ వేసిన అఫ్గాన్ యుద్ధం కాగితాల్లో సైన్యానికి సమాచారం ఇచ్చిన పల్లెటూరివాళ్ళ పేర్లు కూడా దొర్లాయి. తాలిబన్ల చేతుల్లో పెట్టినట్టే కదా! మనుషుల ప్రాణం విలువ చెప్పడానికి వేసే కాగితాల్లో ఆ అజాగ్రత్త ఏమిటి? ఇరాక్ రిపోర్టులు వేసినప్పుడు పేర్లు కొట్టేసే వేశారు, ఆ బుద్ధేదో ముందే ఉండాల్సింది.

అన్నట్టు, ఈసారి నువ్వు బెంగళూరు వస్తే బేగూరు గుడికి తీసుకెళ్తా, మా ఇంటికి ఆటో దూరమే. అక్కడ దొరికిన శాసనం ఒకటుంది, 9వ శతాబ్దం చివరిది. బెంగళూరు అన్న పేరు రాతలో కనబడే అతి పాత చోటు అదే అంటారు. అందులో ఉన్నదేమిటో తెలుసా? బెంగళూరు యుద్ధంలో అక్కడి నాయకుడు నాగత్తరుడి ఇంటిమనిషి బుట్టనశెట్టి చనిపోయాడని! రాజభవన్ దారిలో సైనిక స్మారకం కూడా ఉంది, స్వాతంత్ర్యం తర్వాత పోయిన మన జవాన్ల పేర్లు వరసగా చెక్కారు. నేను వెళ్ళినప్పుడు తెలుగు పేర్లు వెతుక్కుంటూ చాలాసేపు తిరిగాను. పేరు చెక్కడం మనకి వచ్చు, మనవాళ్ళదైతే. బుట్టనశెట్టిని చంపినవాళ్ళ వైపు ఎందరు పోయారో ఆ రాయి చెప్పదు, పొలాల్లో ఉన్న రైతులెందరో అసలే చెప్పదు.

నాకో పని చేసిపెట్టు. మాధవరంలో మీ మావయ్య ఆర్మీలో క్లర్కుగానే కదా చేసింది. యూనిట్ రిపోర్టుల్లో అవతలివాళ్ళ లెక్క ఎవరు చెబితే ఈయన రాసేవాడో, మధ్యలో ఊరిజనం పోతే ఏ గడిలో వేసేవాళ్ళో మెల్లిగా అడుగు. చెప్పనంటే వదిలెయ్, బలవంతం చెయ్యకు, ఆయనకి బీపీ. చెబితే మాత్రం ఫోన్లో కాదు, కాగితం మీద రాసి పంపు. పూతరేకులు కూడా పంపితే వద్దనను.

నీ
ప్రసాదు