డిక్కీలో పెట్టిన సూట్‌కేసుకు చీటీ ఏది?

సంపాదకులకు నమస్కారం.

గత నెలలో నేనూ మా ఆవిడా హైదరాబాద్‌లో మా అబ్బాయి ఇంటి నుంచి కడపకు రాత్రి బస్సులో తిరిగి వచ్చాము. ప్రైవేటు ట్రావెల్స్ బస్సు. నీలం రంగు సూట్‌కేసును డిక్కీలో పెట్టించి, పైన పడుకున్నాము. తెల్లవారి కడపలో దిగి చూస్తే డిక్కీలో నీలం సూట్‌కేసే ఉంది, కానీ మాది కాదు. మా దాని పిడికి కోడలు కట్టిన ఎర్ర రిబ్బను ఉండాలి. ‘కర్నూలులో ఇద్దరు దిగారు సార్, చీకట్లో వాళ్లు మీది పట్టుకుపోయి ఉంటారు’ అన్నాడు క్లీనరు, ఇందులో తనకు సంబంధం లేనట్టు. మా ఆవిడ షుగరు మాత్రలు, కళ్లజోడు, నా పెన్షన్ కాగితాల ఫైలు అన్నీ అందులోనే ఉన్నాయి.

అయితే ఆ సూట్‌కేసు లోపలి జేబులో రూపాయి బిళ్ల కంటే కాస్త పెద్దగా ఉండే, వస్తువు జాడ చెప్పే ట్యాగు ఒకటి ఉంది. అబ్బాయి పెట్టాడు. వెంటనే వాడికి ఫోను చేశాను. రెండు నిమిషాల్లో సమాధానం వచ్చింది: ‘నాన్నా, కర్నూలులో కొండారెడ్డి బురుజుకు దగ్గరలో చూపిస్తోంది.’ పోయిన వస్తువు ఎక్కడుందో అంత త్వరగా తెలియడం నా జీవితంలో అదే మొదటిసారి. తెలిసి కూడా రెండు రోజుల పాటు ఏమీ చేయలేకపోవడమూ అదే మొదటిసారి. ఈ లేఖ అందుకే.

ఈ ట్యాగుల గురించి చాలామందికి ఒక అపోహ ఉంది. వీటిలో జీపీఎస్ ఉండదు. బ్లూటూత్ ద్వారా సన్నని సంకేతం మాత్రం పంపుతూ ఉంటాయి. పక్కనుంచి వెళ్లే ఎవరి ఫోనో దాన్ని అందుకుని, తాను ఉన్న చోటును రహస్య సంకేత రూపంలో కంపెనీ సర్వరుకు పంపుతుంది. ఆ ఫోను యజమానికి ఈ సంగతే తెలియదు. అంటే దారిన పోయే అపరిచితుల ఫోన్లే మన వార్తాహరులు. యాపిల్ కంపెనీ 2021 ఏప్రిల్‌లో ఎయిర్‌ట్యాగ్ తెచ్చినప్పుడు మన దేశంలో దాని ధర రూ.3,190. అది ఐఫోన్ల మీద ఆధారపడుతుంది. 2024లో గూగుల్ కూడా ఆండ్రాయిడ్ ఫోన్లను ఇలాగే ఒక వలగా అల్లింది. ఆ ఏడాది చివరికి జియో వారి ట్యాగు రూ.1,499కే వచ్చింది. మా వైపు ఆండ్రాయిడ్ ఫోన్లే ఎక్కువ కాబట్టి మనకు పనికొచ్చేది ఈ రెండో రకమే. అందులోనూ ఒక మెలిక ఉంది. మనం అమరిక మార్చకపోతే, జనసంచారం ఎక్కువగా ఉండి పలు ఫోన్లు ఆ ట్యాగును గమనించే చోట్లనే మన ఫోను సమాచారం ఇస్తుంది. ‘అన్ని ప్రాంతాల్లో’ అనే అమరిక ఎంచుకునే వారు పెరిగితేనే పల్లెల్లోనూ జాడ దొరుకుతుంది.

రాయదుర్గం దగ్గర మా అత్తగారి ఊరిలో గొర్రెలు మేపే ఒకాయన ఇది విని, ‘పొట్టేలు మెడకు కట్టొచ్చా?’ అని అడిగారు. గుట్ట మీద పొట్టేలు పక్కన ఫోను పట్టుకుని నడిచేవారు ఉంటే కట్టవచ్చని చెప్పాను. ఆయన నవ్వి, ‘వాడే ఉంటే ఇది ఎందుకు?’ అన్నారు. పశువుల చెవికి వేసే పసుపుపచ్చ బిళ్ల మీది 12 అంకెలు అది ఏ పశువో చెబుతాయి, ఎక్కడ ఉందో చెప్పవు. ఈ ట్యాగు ఎక్కడ ఉందో చెబుతుంది, ఎవరి దగ్గర ఉందో చెప్పదు.

మా ఇబ్బందీ సరిగ్గా అదే. ట్రావెల్స్ ఆఫీసుకు వెళ్లి ఫోనులో మ్యాపు మీది చుక్క చూపించాను. కౌంటరులో కుర్రవాడు మర్యాదగానే చూసి, ‘దిగిన ప్రయాణికుల నంబర్లు మీకు ఇవ్వకూడదు సార్’ అన్నాడు. నిజమే, ఇవ్వకూడదు. ‘మరి మీరే వాళ్లకు ఫోను చేయండి’ అంటే, మేనేజరు వచ్చాక చూస్తామన్నాడు. సాయంత్రానికి మేనేజరు రాలేదు. కడపలో ఒక పోలీసు స్టేషనుకు వెళితే, సూట్‌కేసు దిగిన కర్నూలులో ఫిర్యాదు చేయమన్నారు. తెలిసిన వారొకరు నా తరఫున కర్నూలులో ఒక స్టేషనుకు వెళితే, ఫిర్యాదుదారు కడపలో ఉన్నారు కదా అన్నారు. అక్కడి కానిస్టేబుల్ చెప్పిన ఒక మాట మాత్రం నేను కొట్టిపారేయలేను. ఆ చుక్క చుట్టూ ఉన్న వలయంలో నాలుగు ఇళ్లు పడుతున్నాయి, ఏ తలుపు కొట్టమంటారు అని అడిగారట. పొరపాటున పట్టుకుపోయినది దొంగతనం కాదు కాబట్టి కేసు లేదు. కేసు లేకపోతే అడిగే నాథుడు లేడు. ఫోను పోతే దాని 15 అంకెల గుర్తింపు సంఖ్య (ఐఎంఈఐ)తో కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైటు ‘సంచార్ సాథీ’లో నమోదు చేసుకునే దారి 2023 నుంచి ఉంది. సూట్‌కేసు పోతే ఏ దారీ లేదు.

మూడో రోజు పొద్దున కర్నూలు నుంచి ఎవరో పెద్దాయన ఫోను చేశారు. ఊరి నుంచి వచ్చిన అలసటతో సూట్‌కేసు మూల పెట్టి, అప్పుడే తెరిచారట. మూత లోపలి వైపు నేను అతికించిన అట్టముక్క మీద నా చిరునామా, నంబరు చూశారు. తపాలా శాఖలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసినవాడిని, చిరునామా లేని సంచి నా చేతి మీదుగా కదలదు. ఆ అట్ట ఎదుటివారికి మా పేరు చెప్పింది. ట్యాగు మాత్రం తన యజమానికే చెప్పుకుంటుంది, వస్తువు దొరికినవారికి దాని మాట వినబడదు. యాపిల్ ట్యాగును ‘పోయింది’ అని గుర్తు పెడితే, దొరికినవారు దాన్ని ఫోనుకు తాకించి మన నంబరు చూడవచ్చు. కానీ సూట్‌కేసు జేబులో బిళ్ల ఉందని, దాన్ని ఫోనుకు తాకించాలని ఎంతమందికి తెలుసు? ఇంకో తమాషా. సూట్‌కేసు మా ఇంటికి చేరి, మా ఆవిడ కళ్లజోడు తీసి పెట్టుకున్నాక కూడా అబ్బాయి ఫోనులో అది కర్నూలులోనే ఉంది!

తపాలా శాఖలో మెయిల్ సంచికి లేబులు ఉండేది, మూతికి సీలు ఉండేది, వెంట జాబితా ఉండేది. ఇచ్చినవారు రాసి ఇవ్వాలి, పుచ్చుకున్నవారు సంతకం పెట్టాలి. సంచి తప్పిపోతే ఏ మజిలీలో తప్పిందో కాగితమే చెప్పేది. ఈనాడు గుడి ముందు చెప్పులు విడిచినా టోకెన్ ఇస్తారు. తిరుమలలో ఫోను అప్పగిస్తే రసీదు ఇస్తారు. వెయ్యి రూపాయల టికెట్ కొన్న ప్రయాణికుడి సూట్‌కేసు డిక్కీలోకి వెళ్లేటప్పుడు మాత్రం చీటీ ఉండదు, దిగేటప్పుడు అడిగేవారు ఉండరు. రాత్రి రెండున్నరకు, నిద్రమత్తులో, ఫోను లైటు వెలుగులో ఎవరి చేతికి అందింది వారిది. రెండు ముక్కల నంబరు చీటీ అచ్చు వేయించడానికి ఒక్కొక్కదానికి రూపాయి అవుతుందా? మేము అంతకు వెయ్యింతలు పెట్టి ట్యాగు కొన్నాము.

రవాణా శాఖ అధికారులను నేను కోరేది ఇదే. డిక్కీలో సామాను పెట్టే ప్రతి బస్సూ నంబరు చీటీ ఇవ్వాలని, దిగేటప్పుడు అది చూసే సామాను ఇవ్వాలని ఆదేశించండి. సామాను మారిందని ప్రయాణికుడు చెబితే, అదే స్టాపులో దిగినవారికి ట్రావెల్స్ వారే ఆ పూటే ఫోను చేయాలి. నంబర్లు మాకు ఇవ్వక్కర్లేదు. ట్యాగు స్థానం లింకు ఇస్తే దాన్ని ఫిర్యాదుతో పాటు నమోదు చేసుకోవాలి. విమానాలకు ఇది కొత్త కాదు. 2024 చివరి నుంచి యాపిల్ ట్యాగు లింకును కొన్ని విమానయాన సంస్థలు ప్రయాణికుల నుంచి తీసుకుంటున్నాయి. వస్తువు దొరికాక గానీ, ఏడు రోజులకు గానీ ఆ లింకు దానంతట అదే ఆగిపోతుంది.

పోలీసు వారికి ఒక మనవి. చుక్క చూసుకుని జనం తామే తలుపులు కొట్టడం మొదలుపెడితే గొడవలు వస్తాయి. పొరపాటున పట్టుకెళ్లిన పెద్దాయన ఇంటి ముందు నేను నలుగురిని వెంటబెట్టుకుని నిలబడి ఉంటే ఆయన పరువేమయ్యేది? కేసు కాకపోయినా, స్టేషనులో ఒక పుస్తకంలో రాసుకుని బీటు కానిస్టేబుల్‌తో ఒకసారి విచారిస్తే చాలు.

చెప్పక తప్పని ఇంకో సంగతి ఉంది. ఆ రాత్రి బస్సు జడ్చర్ల దాటాక మా ఆవిడ ఫోనులో ఒక హెచ్చరిక వచ్చింది, ఎవరిదో ట్రాకరు మీతో పాటు ప్రయాణిస్తోందని. ట్యాగు అబ్బాయి పేరున ఉంది, వాడేమో మాతో లేడు. నన్ను లేపి ‘మన వెంట ఎవరు పడ్డారు?’ అని ఆమె కంగారుపడింది. మా విషయంలో అది ఉత్త కంగారే. కానీ ఇదే బిళ్లను ఆడపిల్ల సంచిలోనో స్కూటీ సీటు కిందో ఎవరైనా దాచిపెట్టగలరు. అందుకే 2024 మే నుంచి యాపిల్, గూగుల్ రెండూ ఒకే పద్ధతిలో ఈ హెచ్చరిక ఇస్తున్నాయి. కళాశాలల్లో ఈ మాట చెప్పాలి: హెచ్చరిక వస్తే తుడిచేయకండి, ట్యాగును వెతికి పోలీసులకు ఇవ్వండి. ఎయిర్‌ట్యాగును ఫోనుకు తాకిస్తే దాని వరుస సంఖ్య కనిపిస్తుంది. పోలీసులు చట్టప్రకారం అడిగితే అది ఎవరి ఖాతాదో కంపెనీ చెబుతుంది. ఆడవారిని వెంటాడటం భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద నేరం, మొదటిసారికి మూడేళ్ల వరకు జైలు. కుటుంబంలో వాడేవారు ట్యాగును ప్రయాణం చేసేవారితో కూడా పంచుకుంటే మాకు కలిగిన భయం ఉండదు. ట్యాగులో ఉండే బిళ్ల బ్యాటరీని పసిపిల్లలకు అందనివ్వకండి, మింగితే గంటల్లోనే అన్నవాహిక కాలిపోతుంది.

సంక్రాంతికి హైదరాబాద్, బెంగళూరుల నుంచి మన జిల్లాలకు వచ్చే బస్సుల డిక్కీలు క్రిక్కిరిసిపోతాయి, అందులో సగం సూట్‌కేసులు నీలమో నలుపో. ఆ లోగా చీటీలు అచ్చు వేయించవచ్చు.

ఇట్లు
ఒక విశ్రాంత తపాలా ఉద్యోగి,
ఎర్రముక్కపల్లి, కడప