ఆ పదోవాడు తానే అనుకుంటే

సంపాదకులకు నమస్కారం.

షేర్ల ధర పెరుగుతుందా, తగ్గుతుందా అన్న అంచనా మీద డబ్బు పెట్టే ఆప్షన్స్ ట్రేడింగ్‌లో యువకులు పొదుపు సొమ్ము పోగొట్టుకున్న వార్త వచ్చినప్పుడల్లా అత్యాశ అనో, అవగాహన లేదనో తేల్చేస్తున్నాం. ముప్పై ఏళ్లు బ్యాంకు కౌంటర్లో కూర్చున్న నాకు ఆ రెండు మాటలతో తృప్తి కలగడం లేదు.

మా అన్నయ్య కొడుకు ఇంజినీరు. బీమా పాలసీ తీసుకునే ముందు షరతులన్నీ రెండుసార్లు చదివిన మనిషి. మొన్న నా ఎదుటే ఫోన్లో ట్రేడింగ్ యాప్ తెరిచాడు. ఈక్విటీ ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో పదిమందిలో తొమ్మిది మందికి నష్టమేనన్న హెచ్చరిక వచ్చింది. స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ ఆదేశంతో 2023 జులై నుంచి బ్రోకర్లు దీన్ని చూపిస్తున్నారు. వాడు నాతో మాట్లాడుతూనే, చదవకుండానే, బొటనవేలితో దాన్ని పక్కకు తోసేశాడు. అప్పటికి పోయింది లక్షా ఎనభై వేలు. “అసలు వచ్చేస్తే చాలు బాబాయ్, మానేస్తాను” అన్నాడు.

నన్ను భయపెట్టింది ఆ మాటే. లాభం ఎదురుగా ఉన్నప్పుడు జంకే మనిషే, నష్టంలో పడ్డాక దాన్ని ఒప్పుకోలేక మరింత పెద్ద పందేనికి దిగుతాడని మనస్తత్వవేత్తలు డేనియల్ కానెమన్, అమోస్ ట్వర్‌స్కీ 1979లోనే వివరించారు. 2024 సెప్టెంబరులో సెబీ వెలువరించిన అధ్యయనంలోనూ ఇదే కనిపిస్తుంది: 2021-22 నుంచి మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఈ విభాగంలో వ్యక్తిగత ట్రేడర్లలో 93 శాతం మంది నష్టపోయారు, మొత్తం నష్టం 1.8 లక్షల కోట్ల రూపాయలు దాటింది, అయినా వరుసగా నష్టపోయినవారిలో నాలుగింట మూడొంతులకు పైగా ట్రేడింగ్ మానలేదు.

పెద్దవాళ్లమూ తక్కువేమీ కాదు. షేర్లంటే జూదమని మ్యూచువల్ ఫండ్ వైపు కన్నెత్తి చూడనివారే, నడిపేది మనవాడేనన్న ధీమాతో రిజిస్ట్రేషన్ లేని చిట్టీకి నెలనెలా వేలు కట్టడం మా వీధిలోనే చూశాను. వారి దగ్గరున్న ఆధారమల్లా చిన్న పాకెట్ పుస్తకం, అందులో ఇంకు వెలిసిన పొడి సంతకాలు.

సెబీకి నా విన్నపం ఒక్కటే. పదిమంది లెక్క చెబితే ప్రతివాడూ ఆ పదోవాడు తానే అనుకుంటాడు. జాతకంలో ధనయోగం ఉందని ఎవరైనా చెప్పి ఉంటే ఇక చెప్పనక్కర్లేదు. అందువల్ల ఆ వ్యక్తి ఖాతాలో ఇప్పటివరకు పోయిన సొమ్మును, బ్రోకరేజీ, పన్నులతో సహా, రూపాయల్లో లెక్కకట్టి లాగిన్ కాగానే చూపించాలి. అలాగే 1982 నాటి చిట్ ఫండ్స్ చట్టం కింద నమోదైన చిట్టీల జాబితాను మన రాష్ట్ర ప్రభుత్వం ప్రతి గ్రామ, వార్డు సచివాలయం నోటీసు బోర్డు మీద పెట్టించాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, గుంటూరు