మడత బండి కొనేముందు ఒక్కసారి మడిచి చూడండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ ఆటల పేజీలో గోల్ఫ్ గురించి ఏదైనా వచ్చిందంటే ఎవరో ట్రోఫీ పట్టుకుని నవ్వే ఫొటో, దాని కింద నాలుగు లైన్లు, అంతే. తప్పని అనడం లేదు, గెలిచినవాళ్ళ ఫొటో వేయాల్సిందే. కానీ వారానికి రెండుసార్లు వెళ్ళి, 18 హోల్స్, అంటే బంతిని వేయాల్సిన పద్దెనిమిది గుంటలూ, కాళ్ళతో నడిచి, ఓడిపోయి ఇంటికొచ్చే మాలాంటివాళ్ళకి పనికొచ్చే మాట ఒక్కటీ కనపడదు. అందుకని నేనే రాస్తున్నాను. పెద్దదైతే కత్తిరించుకోండి, బ్రేకు గురించి రాసింది మాత్రం ఉంచండి.

విషయం తోపుడు బండి. ఆటలో ఉన్నవాళ్ళు పుష్ కార్ట్ అంటారు, కొందరు ట్రాలీ అంటారు. క్లబ్బుల (బంతిని కొట్టే కర్రల) బ్యాగుని దాని మీద కట్టేసి ముందుకు తోసుకుంటూ నడుస్తాం, ఆట అయ్యాక మడిచి డిక్కీలో పెట్టేస్తాం. నేను ఇప్పటికి మూడు కొన్నాను. మూడోది కొనాల్సి వచ్చిందంటేనే మొదటి రెండూ ఎంత తెలివిగా కొన్నానో మీకు అర్థమై ఉంటుంది.

ముందు అసలు బండి ఎందుకు అనేవాళ్ళకి ఒక మాట. నిజమైన గోల్ఫర్ అయితే బ్యాగు భుజాన వేసుకోవాలి, బండి తోసేది ముసలాళ్ళు అనే పిచ్చి ఒకటి ఉంది, నాకూ ఉండేది. నియమం ప్రకారం 14 క్లబ్బుల దాకా పెట్టుకోవచ్చు కాబట్టి 14 పెట్టుకుంటాం, బంతులు, గొడుగు, నీళ్ళు, రెయిన్ జాకెట్ కలిపితే 12 నుంచి 15 కిలోలు అవుతుంది. ఆ బరువుతో ఒక రౌండులో ఎనిమిది, పది కిలోమీటర్లు నడవాలి, ప్రతి షాటుకీ దించాలి, మళ్ళీ ఎత్తాలి. 2008లో అమెరికాలోని డెన్వర్‌లో నీల్ వోల్కోడాఫ్ అనే ఆయన దీన్ని కొలిచి చూశారు. 9 హోల్స్‌కి బ్యాగు మోస్తే 721 కేలరీలు, బండి తోస్తే 718, కేడీ (బ్యాగు మోసే సహాయకుడు) మోస్తే 613, మోటారు కార్టులో కూర్చుంటే 411. అంటే మోసినా తోసినా ఖర్చయ్యే కేలరీల్లో తేడా మూడు! పైగా బండి తోసినప్పుడే వాళ్ళ స్కోర్లు అన్నిటికన్నా బాగా వచ్చాయి. ఎనిమిది మందితో చేసిన చిన్న ప్రయోగమే అది, దాని మీద ఒట్టేసి చెప్పక్కర్లేదు. నా భుజం మాత్రం ఆ లెక్క చదవకముందే ఒప్పేసుకుంది.

నా మొదటి బండి రెండు చక్రాలది, వెనక ఉంచుకుని లాక్కెళ్ళేది. తేలిక, మడిస్తే బల్లపరుపుగా అయిపోతుంది, ఆ రెండు గుణాలూ ఒప్పుకోవాలి. కానీ ఒక చెయ్యి వెనక్కి మెలితిప్పి గంటలకొద్దీ లాగాలి కదా, పన్నెండో హోల్ దగ్గరకొచ్చేసరికి ఆ చెయ్యి నాది కాదనిపించేది, ఆ చేత్తోనే మళ్ళీ మెత్తగా పట్ చెయ్యాలి, అంటే బంతిని గుంటలోకి దొర్లించాలి. ముందుకు తోసే మూడు చక్రాల బండ్లు 1999లో సన్ మౌంటెన్ కంపెనీ స్పీడ్ కార్ట్ వచ్చాక బాగా పాకాయి, పాకడానికి కారణం కూడా ఇదే. తోసేటప్పుడు రెండు చేతులూ ముందుంటాయి, ఒంటి బరువు ఆనుతుంది, నడుం తిన్నగా ఉంటుంది. కాబట్టి లాగేదా తోసేదా అని అడిగితే నా జవాబు తోసేదే, ఇందులో ఆలోచించడానికి ఏమీ లేదు.

ఆలోచించాల్సిందంతా రెండో బండి దగ్గర మొదలైంది. షాపులో నున్నటి టైల్స్ మీద, ఖాళీ బండి, వేలితో తోస్తే వెళ్ళిపోయింది. ఎంత బాగుందో అనుకున్నాను. స్కోర్‌కార్డు పెట్టే చోటు, బాటిల్ స్టాండు, బంతులు గుచ్చే గుంటలు, గొడుగు గొట్టం అన్నీ ఉన్నాయి. ఒక్క నొక్కుతో మడత పడుతుందని అమ్మేవాడు చకచకా మడిచి చూపించాడు, వాడు రోజుకి పాతికసార్లు మడుస్తాడు మరి. నేను చెయ్యి కూడా పెట్టి చూడకుండా డబ్బులు కట్టేశాను.

మర్నాడు ఆట అయ్యాక పార్కింగులో చూడాలి నా అవస్థ. ముందు హ్యాండిల్ కిందకి వంచాలి, అది సగం దూరం వచ్చాక ఒక గొళ్ళెం తియ్యాలి, అప్పుడు కింది గొట్టం లోపలికి నెట్టాలి, వరస తప్పితే మొత్తం బిగుసుకుపోతుంది. ఆ గొళ్ళేనికీ గొట్టానికీ మధ్య బొటనవేలు పెట్టేసి నలగ్గొట్టుకున్నాను. సరే, మడిచాను. మడిస్తే పొడవు తగ్గింది, ఎత్తు తగ్గింది, కానీ వెనక చక్రాలు రెండూ ఏనుగు చెవుల్లా పక్కలకి అలాగే నిలబడ్డాయి. డిక్కీలో బండి పెడితే బ్యాగు పట్టదు, బ్యాగు పెడితే బండి పట్టదు. ఆరు నెలలు ఆ తడి మట్టి చక్రాలు వెనక సీట్లో ప్రయాణం చేశాయి, అవి చేసిన మరకల గురించి ఇంట్లో అయిన గొడవ మీ పేపర్లో రాయదగ్గది కాదు.

కాబట్టి మడత బండి కొనేవాళ్ళకి నేను చెప్పేది ఇదొక్కటే: బ్యాగు మీ వెంట తీసుకెళ్ళండి. క్లబ్బులన్నీ ఉన్న బ్యాగు. బండి మీద కట్టండి, విప్పండి, మీ చేత్తో మీరే మూడుసార్లు మడవండి, మూడోసారి కూడా ఆలోచించాల్సి వస్తే ఆ బండి మీది కాదు. తర్వాత దాన్ని బయటికి తీసుకెళ్ళి మీ డిక్కీలో, బ్యాగు పక్కన పెట్టి చూపించమనండి. పెట్టె మీద రాసిన కొలతలు నమ్మకండి, చక్రాలు తీసేశాక కొలిచినవి కూడా అందులో ఉంటాయి. మీరొక్కరే ఎత్తి లోపల పెట్టగలరా అన్నది కూడా అక్కడే తేలుతుంది. ఈ బండ్లు చాలావరకు ఆరు నుంచి ఎనిమిది కిలోల మధ్య ఉంటాయి, షాపులో అదేం బరువులే అనిపిస్తుంది, నాలుగు గంటలు నడిచొచ్చాక వంగి డిక్కీ అంచు దాటించేటప్పుడు అదే ఎనిమిది కిలోలు వేరేగా ఉంటుంది. అలాగని మరీ తేలికది కొనకండి, చక్రాల మధ్య ఎడం తక్కువగా ఉంటే బ్యాగు పైభాగం బరువుకి వాలు మీద పక్కకి ఒరిగిపోతుంది.

బ్యాగు సంగతి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే దీని గురించి ఎవరూ చెప్పరు. కాళ్ళుండే స్టాండ్ బ్యాగు అయితే, దాని అడుగు కొంచెం నొక్కుకోగానే కాళ్ళు తెరుచుకుంటాయి, ఆ బ్యాగు తయారైందే అలా. బండి మీద కట్టి పట్టీ బిగిస్తే ఆ కాళ్ళు తన్నుకొచ్చి చక్రానికి తగులుతాయి. కొన్ని బండ్లకి కింద ఆ కాళ్ళ కోసం ఖాళీ వదులుతారు, కొన్ని బ్యాగులకి కాళ్ళు కట్టేసే పట్టీ ఉంటుంది, రెండిట్లో ఏదో ఒకటి లేకపోతే రోజూ కుస్తీయే. ఇక బ్యాగు గుండ్రంగా ఉండి కింది ఆధారం నున్నగా ఉందంటే అయిదో హోల్‌కల్లా బ్యాగు మెలి తిరిగిపోయి పట్ చేసే పట్టర్ ఉండాల్సిన చోట దూరం కొట్టే డ్రైవర్ క్లబ్బు ఉంటుంది, జేబు జిప్పు పట్టీ కిందకి పోతుంది, బంతి తీసుకోవాలంటే మళ్ళీ విప్పు, మళ్ళీ కట్టు. బ్యాగు ఆనే చోట రబ్బరు ఉందో లేదో వేలు పెట్టి తడిమి చూడండి.

ఇప్పుడు బ్రేకు. నా రెండో బండికి కాలితో నొక్కే బ్రేకు ఉండేది, చిన్న ఎర్ర మీట. నొక్కగానే లోపల ఒక చీల చక్రంలోని కన్నంలోకి దిగుతుంది, అప్పుడు చక్రం తిరగదు. బాగానే ఉంది, కానీ ఆ కన్నాలు చక్రం చుట్టూ ఎడంగా ఉంటాయి, నేను మీట నొక్కినప్పుడు చీల కన్నం ఎదురుగా ఉందో, రెండు కన్నాల మధ్య గోడ మీద ఉందో పైనుంచి ఎలా తెలుస్తుంది? తెలియదు. ఒకరోజు గ్రీన్ (గుంట చుట్టూ నున్నగా కోసిన గడ్డి) పక్కన వాలులో బండి ఆపి, మీట నొక్కి, పట్టర్ తీసుకుని వెళ్ళాను. ఆరడుగుల పట్, దాని మీద పందెం కూడా ఉంది. వంగి నిలబడ్డాక వెనక క్లబ్బులు ఒకదానికొకటి తగిలిన చప్పుడు వినిపించింది, గాలికేమో అనుకున్నాను. తలెత్తేసరికి బండి తనంతట తను, తొందరేమీ లేకుండా, పెళ్ళికి వెళ్తున్న పెద్దమనిషిలా దిగిపోతోంది. పరిగెత్తినా అందలేదు, నేరుగా వెళ్ళి బంకర్లో, అంటే ఇసుక గుంటలో, బోర్లా పడింది. మా జట్టులో చిన్నవాడు, "అన్నా, ఇవాళ నీకన్నా ముందు నీ బండే వెళ్ళింది బంకర్లోకి" అన్నాడు. ఇసుకంతా బ్యాగులోకి, గొళ్ళెంలోకి, బేరింగులోకి. ఆ పట్ సంగతి అడక్కండి.

అప్పటినుంచి మీట నొక్కాక బండిని ముందుకీ వెనక్కీ ఒకసారి ఊపుతాను, చీల కన్నంలో పడితే టక్కుమని వినిపిస్తుంది, అది విన్నాకే చెయ్యి వదులుతాను. బండిని వాలుకి అడ్డంగా నిలబెడతాను, ఎదురుగా కాదు. హ్యాండిల్ దగ్గర చేతి బ్రేకు ఉన్నవి కూడా ఉన్నాయి, దిగుడులో తోసేటప్పుడు బండి మనల్ని లాక్కెళ్ళకుండా కొంచెం కొంచెంగా పట్టుకోవచ్చు, కొండలూ గుట్టలూ ఉన్న కోర్సులో ఆడేవాళ్ళు దానికోసం ఇంకాస్త ఖర్చు పెట్టినా దండగ కాదు. అది లేకపోతే మణికట్టుకి తగిలించుకునే తాడైనా ఉండాలి. షాపులో టైల్స్ మీద బ్రేకు పరీక్షించడం అంటే స్నానాల గదిలో ఈత పరీక్షించడమే, బయట ఏ వాలో ర్యాంపో ఉంటే అక్కడ, బ్యాగు కట్టి చూడండి.

చక్రాల గురించి ఎక్కువ రాయను. లోపల ఫోమ్ నింపినవైతే పంక్చర్ బెడద లేదు, గాలివైతే గతుకుల్లో మెత్తగా వెళ్తాయి కానీ పంపు వెతుక్కోవాలి, నేను ఫోమ్ వైపే. వెనక చక్రాలు పెద్దవైతే ఎత్తుగా పెరిగిన గడ్డిలో సులువు, మడతలో కష్టం. ముందు చక్రం అన్ని పక్కలకీ మళ్ళేది అయితే చదునులో ఒక వేలితో మలుపు తిరుగుతుంది, పక్కవాలులో మాత్రం కిందకే లాగుతుంది, కాబట్టి దాన్ని తిన్నగా బిగించేసే ఏర్పాటు ఉండాలి. బిగించి ఉన్న చక్రం కూడా ఒక్కోసారి ఎడమకో కుడికో పోతుంటుంది, సరిచేసే స్క్రూ ఉందేమో చూడండి. చదును చోట పది అడుగులు తోసి వదిలేస్తే తెలిసిపోతుంది. హ్యాండిల్ ఎత్తు మీ మోచేతులు కాస్త వంగి ఉండేలా కుదరాలి, తక్కువైతే నాలుగు గంటలు గూనిగా నడవాలి. బాటిల్ స్టాండూ అవీ ఇవీ తర్వాతైనా కొనుక్కోవచ్చు. గొడుగు గొట్టం ఒక్కటి జాగ్రత్త, ఈదురుగాలిలో తెరిచిన గొడుగు బండికి తెరచాప అవుతుంది, బ్రేకు వేసినా పడేస్తుంది.

బ్రేకు తీగ, పట్టీలు, చక్రం విడిగా దొరుకుతాయా అని కొనకముందే అడగండి. నా రెండో బండికి తెగిన పట్టీ దొరక్క సైకిల్ ట్యూబు కట్టాను. నీళ్ళ పైపు ఒత్తిడితో కడగకండి, బేరింగులోకి నీళ్ళు పోతాయి, తడిగుడ్డతో తుడిచి ఆరబెడితే చాలు.

ఇంకో సంగతి గుర్తొచ్చింది. ఒకసారి నా బంతి చెట్టుకి కొట్టుకుని తిరిగొచ్చి నా బండికే తగిలింది, తోటివాడు ఒక స్ట్రోక్ పెనాల్టీ, అంటే లెక్కలో ఒక దెబ్బ ఎక్కువ, అని కూర్చున్నాడు. ఆ నియమం పోయింది, 2019 నుంచి పొరపాటున మన సామానుకి తగిలితే పెనాల్టీ లేదు, బంతి ఎక్కడ ఆగితే అక్కడినుంచే ఆడాలి. పెనాల్టీ లేదు కదా అని బండిని ఎక్కడపడితే అక్కడికి తోసుకెళ్ళేవాళ్ళూ ఉన్నారు. గ్రీన్ మీదకీ, టీ (ప్రతి హోల్‌కీ మొదటి దెబ్బ కొట్టే చోటు) మీదకీ తేకూడదు, తర్వాతి టీకి వెళ్ళే దారివైపు ఆపుకుంటే వెనకవాళ్ళు మన కోసం కాచుకోనక్కర్లేదు. కొన్ని కోర్సుల్లో తోపుడు బండ్లే ఒప్పుకోరు, కొనేముందు మీరాడే చోట కనుక్కోండి.

మూడో బండి కొనడానికి బ్యాగు మోసుకుని షాపుకి వెళ్ళాను. అక్కడి కుర్రాడు, సార్ ఇక్కడ ఆడతారా ఏంటి అన్నట్టు చూశాడు. నాలుగు బండ్లు మడిపించాను, రెండు డిక్కీ దాకా తీసుకెళ్ళాను, ర్యాంపు మీద బ్రేకు వేసి వదిలాను, ఒకటి జారింది, వాడే పరిగెత్తి పట్టుకున్నాడు. జారనిది కొన్నాను. నాలుగేళ్ళైంది, ఇంకా దాంతోనే నడుస్తున్నాను.

రెండోది పారెయ్యలేదు. ఇప్పుడు పాత పేపర్ల కట్టలు దాని మీద వేసుకుని అమ్మడానికి తీసుకెళ్తుంటాను, అందులో మీ పేపరూ ఉంటుంది, ఏమనుకోకండి. తూకం వేసేచోట కాస్త వాలు ఉంది, చక్రం కింద రాయి పెట్టాకే చెయ్యి వదులుతాను.

ఇట్లు
మీ పాఠకుడు