సైబర్ సీటు అమ్మేటప్పుడు జీతం లెక్క కూడా చూపించాలి

సంపాదకుడు గారికి,

ఈఏపీసెట్ కౌన్సెలింగ్ దగ్గరపడితే అనంతపురంలో ఇంజనీరింగ్ కాలేజీల ఫ్లెక్సీలు లేచిపోతాయి, పీఆర్వోలు ఇంటికే వచ్చేస్తారు. ఈమధ్య వాళ్లు ఎక్కువగా చెబుతున్న పేరు 'సీఎస్ఈ సైబర్ సెక్యూరిటీ'. మామూలు ఐటీ పని ఏఐ తినేస్తుందట, సైబర్‌లో చేరితే మొదటి నెల నుంచే డబుల్ ప్యాకేజీ అట. ఇలా చెప్పి మేనేజ్‌మెంట్ కోటా సీట్లు అంటగడుతున్నారు. నేను బెంగళూరులో ఒక కంపెనీ సెక్యూరిటీ టీమ్‌లో పనిచేస్తున్నాను. కొత్తవాళ్లను ఇంటర్వ్యూ కూడా చేస్తుంటాను. ఆ డబుల్ ప్యాకేజీ నాకైతే ఎక్కడా కనబడలేదు.

పెద్ద సర్వీస్ కంపెనీల్లో ఫ్రెషర్ జీతం ఏళ్లతరబడి ఏడాదికి మూడున్నర లక్షల దగ్గరే ఆగిపోయిన సంగతి అందరికీ తెలుసు. సెక్యూరిటీలో చేరేవాడికీ దాదాపు అంతే. సాక్ అనే పర్యవేక్షణ కేంద్రంలో ఎల్1 (మొదటి అంచె) అనలిస్టుగా పెడతారు. తెర మీద వచ్చే అలర్టులు చూడాలి, నిజమైన దాడి ఏదో ఉత్తుత్తిదేదో తేల్చాలి, టికెట్ రాసి పైవాళ్లకు పంపాలి. ఇరవై నాలుగు గంటలూ నడిచే పని కాబట్టి రాత్రి షిఫ్టు తప్పదు. ఇది మాత్రం పీఆర్వో చెప్పడు. సొంత సాఫ్ట్‌వేర్ తయారుచేసే ప్రాడక్ట్ కంపెనీలో కోడ్ రాసే ఫ్రెషర్ వీడికన్నా చాలా ఎక్కువే తెచ్చుకుంటాడు.

మరి సైబర్‌లో డబ్బు లేదా అంటే, ఉంది, కానీ ఆలస్యంగా వస్తుంది. మూడు నాలుగేళ్లు పనిచేసి, క్లౌడ్ సెక్యూరిటీకో అప్లికేషన్ టెస్టింగ్‌కో మారినవాళ్ల జీతాలు సపోర్ట్ ప్రాజెక్టుల్లో ఉండిపోయిన వాళ్లను దాటిపోవడం నేను చూస్తూనే ఉన్నాను. ఆ గిరాకీకి కారణం చట్టాలు కూడా. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఆదేశాల ప్రకారం సైబర్ దాడి జరిగినట్టు తెలిసిన 6 గంటల్లో కంపెనీలు ఆ సంస్థకు సమాచారం ఇవ్వాలి, 180 రోజుల లాగ్స్ (కంప్యూటర్లలో నమోదయ్యే రికార్డులు) దాచిపెట్టాలి. 2023 డేటా రక్షణ చట్టం జరిమానాను రూ.250 కోట్ల దాకా పెట్టింది. ఇన్ని నిబంధనలున్నప్పుడు ఈ టీమ్‌ను ఊరికే తీసేయలేరు. కాకపోతే వాళ్లకు కావలసింది అనుభవం ఉన్నవాళ్లు. ఈ రంగంలో పేరున్న సీఐఎస్‌ఎస్‌పీ సర్టిఫికేషన్‌కే ఐదేళ్ల అనుభవం అడుగుతారు. దాని పేరు ఫస్టియర్ పిల్లల బ్రోషర్‌లో ఎందుకు వేస్తారో నాకు అర్థం కాదు!

ఇంటర్వ్యూకి వచ్చే మన జిల్లాల పిల్లల్లో తెలివికి లోటు లేదు. కానీ నెట్‌వర్క్‌లో రెండు కంప్యూటర్లను కలిపే టీసీపీ కనెక్షన్ ఎలా మొదలవుతుందో అడిగితే తడబడతారు, లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ కమాండ్లు రావు. రెజ్యూమెలో మాత్రం 'ఎథికల్ హ్యాకింగ్' వర్క్‌షాప్ సర్టిఫికెట్ ఉంటుంది. నెట్‌వర్క్స్, ఆపరేటింగ్ సిస్టమ్స్ గట్టిగా చదివిన మామూలు సీఎస్ఈ, ఈసీఈ పిల్లలు చాలాసార్లు వాళ్లకన్నా బాగా చెబుతారు. నేర్చుకోవడానికి లక్షలు పోయనక్కర్లేదు. నెట్‌వర్క్‌లో పోయే డేటాను చూపించే వైర్‌షార్క్ ఉచితం, పోర్ట్‌స్విగర్ వెబ్ సెక్యూరిటీ అకాడమీ ఉచితం, ఐఐటీల ఆన్‌లైన్ ఎన్‌పీటీఎల్ పాఠాలు ఉచితం. కూర్చోబెట్టి చేయించే ల్యాబూ, ఆ పని తెలిసిన మాస్టారూ కావాలి. సైబర్ బోర్డు పెట్టిన కాలేజీల్లో ఈ రెండూ ఎన్నిచోట్ల ఉన్నాయో తల్లిదండ్రులు వెళ్లి చూడాలి.

బాగా నడిచే కాలేజీల్లో బ్రాంచి సీట్ల మీద ఉన్న పరిమితిని సాంకేతిక విద్యా మండలి ఏఐసీటీఈ 2024లో ఎత్తేశాక కంప్యూటర్ కోర్సుల సీట్లు పెంచుకోవడం తేలికైంది. చేనమ్మి ఫీజు కట్టేవాళ్లున్న జిల్లాలివి. అందుకే అనంతపురం జేఎన్‌టీయూ ఒక పని చేయాలి. కర్నూలు, కడప, అనంతపురం అనుబంధ కాలేజీలన్నీ బ్రాంచీలవారీగా ఎంతమంది చదివారు, ఎంతమందికి ఉద్యోగం వచ్చింది, సైబర్ బ్రాంచి వాళ్లలో నిజంగా సెక్యూరిటీ పనిలో ఎందరు చేరారు అన్నది ప్రకటించాలి. జీతం దగ్గర ఫ్లెక్సీ మీద ఫొటో వేసిన ఒక్క పిల్లవాడి ప్యాకేజీ వద్దు, వరసలో సరిగ్గా మధ్యన నిలిచేవాడికి ఎంత వచ్చిందో చెప్పాలి. వెబ్ ఆప్షన్లు మొదలయ్యేలోపు ఈ లెక్క యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో ఉండాలి. ఇవ్వని కాలేజీకి మరుసటి ఏడాది ఆ బ్రాంచిలో సీట్లు పెంచకూడదు.

– ఒక పాఠకుడు,
అనంతపురం