కాలనీ సంక్షేమ సంఘం వార్షిక నివేదిక: సెల్లార్‌లో స్కూటర్ల ఆదివారాలు

సభ్యులందరికీ నమస్కారం.

వినాయక చవితి ఖర్చులు, బోరు మోటారు రిపేరు, వాచ్‌మన్ జీతం పెంపు, ఇవన్నీ కోశాధికారి గారు ఇచ్చిన లెక్కల్లో ఉన్నాయి. బోనాలప్పుడు టెంటు దగ్గర వచ్చిన మాటామాటా అప్పుడే సర్దుకుంది. వాటిని మళ్లీ తవ్వను. ఈసారి కాగితం ఎక్కువగా ఖర్చయ్యేది నెలకో ఆదివారం సెల్లార్‌లో పెట్టిన స్కూటర్ల శిబిరం మీదే.

దానికి కారణం నా బండే. డిసెంబరు చలిలో కూడా పొద్దున్నే సెల్ఫ్ కొట్టగానే స్టార్టయ్యేది. పాలప్యాకెట్ తెచ్చేలోపు మాత్రం నల్లపొగ, పెట్రోల్ వాసన. మైలేజీ బాగా పడిపోయింది. వేడి మీద ఆపితే మళ్లీ స్టార్టవడానికి మొరాయించేది. ఒక మెకానిక్ చూసి కార్బొరేటరే (ఇంజన్‌కు పెట్రోల్, గాలి కలిపి పంపే భాగం) మార్చాలన్నాడు. డబ్బు సర్దుకుంటూ ఉండగా మన బ్లాకులోని పెద్దాయన (జీవితమంతా స్పానర్ పట్టిన మనిషి) సీటు కింద డబ్బా తీయించి, టార్చి వేసి చూశారు. కార్బొరేటర్ పక్కన బొటనవేలంత నల్లటి ముక్క, దానికి రెండు వైర్లు. అందులో ఒకటి తెగి ఉంది. ఎలుక పని. సెల్లార్‌లో ఎలుకల గురించి నేను మూడేళ్లుగా మొత్తుకుంటున్న సంగతి సభ్యులకు తెలుసు.

ఆ నల్ల ముక్కే ఆటో చోక్. పాత చేతక్ నడిపినవాళ్లకు చోక్ అంటే చేత్తో లాగి, బండి వేడెక్కాక లోపలికి నొక్కాల్సింది. చల్లటి ఇంజన్‌లో పెట్రోల్ సరిగ్గా ఆవిరి కాదు, గోడలకే అంటుకుంటుంది. అందుకే స్టార్టింగ్‌లో మామూలు కంటే ఎక్కువ పెట్రోల్ కావాలి. ఆటో చోక్‌లో ఆ ఎక్కువ పెట్రోల్ వెళ్లడానికి కార్బొరేటర్‌లో ఒక చిన్న పక్కదారి ఉంటుంది. చల్లగా ఉన్నంతసేపు అది తెరిచే ఉంటుంది. ఇంజన్ నడవగానే కరెంటు వచ్చి లోపలున్న చిన్న హీటర్‌ను వేడి చేస్తుంది. హీటర్ పక్కన మైనం ఉంటుంది. మైనం కరిగి ఉబ్బి ఒక సన్నటి సూదిని కిందికి నెడుతుంది, దారి మూసుకుంటుంది. బండి ఆపాక మైనం చల్లారి ముడుచుకుంటే స్ప్రింగ్ సూదిని వెనక్కి లాగేస్తుంది. నా బండిలో వైరు తెగి హీటర్‌కు కరెంటు అందక, దారి మూసుకోనేలేదు. రోజంతా చోక్ లాగి నడిపినట్టే అయింది.

జనవరి శిబిరంలో పెద్దాయన ఆ ముక్కను ఊడదీసి న్యూస్‌పేపర్ మీద పెట్టి, బండి బ్యాటరీ నుంచి రెండు వైర్లు కలిపారు. మొదటి నిమిషం ఏమీ లేదు. పిల్లలు బోర్ అని లేవబోయారు. తర్వాత ఇత్తడి సూది కంటికి కదిలినట్టే తెలియకుండా బయటికి జరగడం మొదలైంది. అయిదు నిమిషాలకు పేపర్ మీద పెన్సిల్‌తో గీసిన గీత దాటింది. ముట్టుకుంటే వెచ్చగా ఉంది. వైర్లు తీశాక అంతే నింపాదిగా వెనక్కి వెళ్లింది. హీటర్ కాలిపోదా అని ఎవరో అడిగారు. వేడెక్కే కొద్దీ దాని రెసిస్టెన్స్, అంటే కరెంటును అడ్డుకునే గుణం, పెరిగి కరెంటు తానే తగ్గిపోతుందట. నాకు నచ్చిన సంగతి ఇదే.

ఆ రోజు తేలిన ఇంకో రెండు విషయాలు. పొద్దున సెల్ఫ్ కొట్టేటప్పుడు యాక్సిలరేటర్ తిప్పవద్దు. యాక్సిలరేటర్ తిప్పితే తెరుచుకునే గాలి తలుపు (థ్రోటిల్) మూసి ఉంటేనే ఆ పక్కదారి పెట్రోల్‌ను బాగా లాగుతుంది. తిప్పితే ఆ లాగుడు తగ్గిపోతుంది. మనలో సగం మంది చేసేది సరిగ్గా అదే, నాతో సహా. రెండోది, స్టార్టయిన కొత్తలో ఇంజన్ కాస్త గట్టిగా తిరుగుతుంది. అది జబ్బు కాదు, వేడెక్కాక దిగుతుంది. కంగారుపడి అప్పుడే స్లో స్క్రూ (యాక్సిలరేటర్ తిప్పనప్పుడు ఇంజన్ తిరిగే వేగాన్ని సర్దేది) తగ్గిస్తే, బండి వేడెక్కాక సిగ్నల్ దగ్గర ఆగిపోతుంది. అలా తగ్గించి చిక్కడపల్లి దగ్గర వెనకాల హారన్ల మధ్య కిక్ కొట్టుకున్న సభ్యుడి పేరు రాయవద్దని ఆయనే కోరారు. ఆ గట్టి తిరుగుడుకు బండి ముందుకు జరగవచ్చు కాబట్టి బ్రేక్ పట్టుకునే ఉండండి.

2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్6 (కొత్త కాలుష్య నిబంధనల) బండ్లలో, కార్బొరేటర్ బదులు ఇంజెక్షన్‌తో పెట్రోల్ చిమ్మేవి ఉన్నవాళ్లకు ఈ ముక్క ఉండదు. అక్కడ ఇంజన్ వేడిని సెన్సర్ చూసుకుంటుంది, పెట్రోల్ ఎంత పోయాలో కంప్యూటర్ చెబుతుంది. వాళ్లు శిబిరానికి టీ కోసం వచ్చినా అభ్యంతరం లేదు.

వచ్చే ఏడాది ఎలుకల బోన్లకు డబ్బు కేటాయించాలని కార్యవర్గం తీర్మానించింది. శిబిరానికి కొన్న మల్టీమీటర్ (కరెంటు కొలిచే పరికరం) సంఘం గదిలో కనబడటం లేదు. ఎవరి ఇంట్లో ఉందో చూసి తెచ్చి పెట్టగలరు.

ఇట్లు,
కార్యదర్శి