ఆర్మీ క్వార్టర్లో మీటరు ఎక్కువ తిరిగితే ఎవరికి చెప్పుకోవాలి?

ఎడిటర్ గారికి,

ఏటా నవంబరు చివర్లో డిస్కంలు (కరెంటు పంపిణీ కంపెనీలు) వచ్చే ఏడాది లెక్కలు ఈఆర్‌సీ (విద్యుత్ నియంత్రణ మండలి) ముందు పెట్టడం, ఆ తర్వాత బహిరంగ విచారణలో రైతు సంఘాలవాళ్లు, చిన్న పరిశ్రమలవాళ్లు మైకు పట్టుకుని గట్టిగా అడగడం చూస్తూనే ఉన్నాం. కంటోన్మెంట్ గేటు లోపలికి వెళ్లే కరెంటు ఊసు మాత్రం ఎవరూ ఎత్తరు. డిఫెన్స్ అనగానే మనకెందుకులే అనుకుంటాం. నేను ఆ గేటు లోపలే ఎంఈఎస్‌లో (మిలిటరీ ఇంజినీర్ సర్వీసెస్, సైన్యం కట్టడాలు, కరెంటు చూసే శాఖ) స్విచ్‌బోర్డ్ అటెండెంట్‌గా చేసి రిటైరయ్యాను, అందుకని రాయాలనిపించింది.

మామూలుగా మిలిటరీ స్టేషన్‌కి డిస్కం హెచ్‌టీ (హై టెన్షన్) కనెక్షన్ ఇచ్చి ఊరుకుంటుంది. సబ్‌స్టేషన్‌లో డిస్కం సీలు వేసిన మీటరు ఉంటుంది, నెలకోసారి డిస్కం ఇంజినీరూ మా జేఈ (జూనియర్ ఇంజినీర్) గారూ దాని ముందు నిలబడి రీడింగు రాసుకుని సంతకాలు చేసుకుంటారు. యూనిట్ మొత్తం ఎక్సర్‌సైజ్‌కి వెళ్లి బ్యారక్‌లు బోసిపోయినా సరే, ఒప్పందం చేసుకున్న డిమాండ్‌లో (ఒకేసారి వాడుకోవడానికి రాసుకున్న గరిష్ఠ లోడులో) 80 శాతానికి డిమాండ్ చార్జీ పడాల్సిందే, అందులో ఫ్యాక్టరీకీ ఫౌజుకీ తేడా లేదు. ఆ రేటు ఖరారు చేసేది ఈఆర్‌సీ. ఇక్కడిదాకా బాగానే ఉంది. ఆ మీటరు దాటాక లోపల లైన్లు వేసేది, క్వార్టర్లకు మీటర్లు బిగించేది, బిల్లు వేసేది అంతా ఎంఈఎస్సే. డిస్కం లెక్కలో వినియోగదారు గ్యారిసన్ ఇంజినీర్ (స్టేషన్‌లో ఎంఈఎస్ అధికారి) ఒక్కరే, లోపల కాపురం ఉండే కుటుంబాలు కాదు.

మా మేనకోడలి భర్త జవాను. క్వార్టర్లో దిగిన కొత్తలో ఫోన్ చేసి "మామయ్యా, ఇక్కడ కరెంటు పోతే 1912కి చెయ్యొచ్చా?" అంది. కుదరదమ్మా, ఎంఈఎస్ కంప్లైంట్ నంబరు ఉంటుంది, దానికే చెయ్యాలి అన్నాను. "మీటరు ఎక్కువ తిరుగుతోందని డౌటొస్తే?" దానికీ అక్కడే. "వాళ్లు చూసి బాగానే ఉందంటే, ఆ పైన ఎవరు?" అంది. ఇన్నేళ్లు సర్వీసు చేసినవాణ్ని, వెంటనే చెప్పలేకపోయాను. బయట మన ఇంటి బిల్లులో తేడా వస్తే సీజీఆర్‌ఎఫ్ (వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక) ఉంది, అక్కడా తేలకపోతే విద్యుత్ అంబుడ్స్‌మన్ ఉన్నారు. ఆ అమ్మాయి డిస్కంకి వినియోగదారే కాదు మరి.

2003 విద్యుత్ చట్టం 14వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వమే కరెంటు పంపిణీ చేస్తే విడిగా లైసెన్సు అడగక్కర్లేదు, డీమ్డ్ లైసెన్సీ (లైసెన్సు ఉన్నట్టే లెక్క) అయిపోతుంది. డిఫెన్స్ పనులు, డాక్‌యార్డులు ఈ చట్టంలో కేంద్రం కిందికే వస్తాయి. ఢిల్లీ కంటోన్మెంట్లో ఎంఈఎస్ ఇప్పటికే డిస్కంలతో సమానంగా లైసెన్సీ. రైల్వే కూడా ఈ హోదా కోసం ఇదే దారిలో వెళ్లింది కానీ 2024లో విద్యుత్ అప్పిలేట్ ట్రిబ్యునల్ ఒప్పుకోలేదు, సొంతానికి వాడుకునే కరెంటు పంపిణీ కాదు, క్రాస్ సబ్సిడీ సర్‌చార్జి (డిస్కంని వదిలి బయట కొనేవాళ్లు కట్టే అదనపు చార్జి) కట్టాల్సిందే అంది. ఎంఈఎస్ సంగతి వేరు, అది నిజంగానే ఇళ్లకు కరెంటు ఇచ్చి బిల్లు వసూలు చేస్తోంది, కాబట్టి హోదా అడిగితే న్యాయమే అంటాను నేను. కాకపోతే అదే చట్టంలో 42వ సెక్షన్ కూడా ఉంది కదా, లైసెన్సీ ప్రతి ఒక్కరూ ఆరు నెలల్లో ఫిర్యాదుల వేదిక పెట్టాలని! హోదా తీసుకుంటే దాన్నీ తీసుకోవాలి.

రెండోది మన జేబు సంగతి. ఆ లైసెన్సీ హోదాతో ఇలాంటి పెద్ద కనెక్షన్లు డిస్కంని వదిలి బయట చౌకగా కొనుక్కోవడం మొదలుపెడితే ఆ లోటు ఎవరి బిల్లులో తేలుతుందో చెప్పక్కర్లేదు. అమెరికాలో సరిగ్గా ఇదే గొడవ జరిగింది. సౌత్ డకోటాలోని ఎల్స్‌వర్త్ ఎయిర్‌ఫోర్స్ బేస్ కరెంటుకి టెండర్లు పిలుస్తానంటే 1987లో కోర్టు బేస్ వైపే తీర్పిచ్చింది. అదే ఏడాది డిసెంబరులో వాళ్ల పార్లమెంటు రక్షణ బడ్జెట్ చట్టంలో 8093వ సెక్షన్ చేర్చి, రాష్ట్ర చట్టాలకు విరుద్ధంగా కరెంటు కొనడానికి ప్రభుత్వ నిధులు వాడకూడదని కట్టడి చేసింది. పెద్ద ఖాతా వెళ్లిపోతే మిగతా జనానికి రేట్లు పెరుగుతాయన్నదే అందుకు కారణం. అంత మిలిటరీ ఉన్న దేశమే అలా చేసింది.

సెక్యూరిటీ సంగతేమిటని అడుగుతారు. నిజమే, ఏ రాడార్‌కి ఎంత లోడు పోతోందో విచారణలో చదవమని ఎవరూ అనరు, నేనైతే అసలు అనను. క్వార్టర్లో ఫ్యాను, గీజరు బిల్లులో రహస్యం ఏముంది? 184వ సెక్షన్ చూపించి డిఫెన్స్‌కి ఈ చట్టమే వర్తించదనేవాళ్లూ ఉన్నారు, నేను చదివినంతలో ఆ సెక్షన్ కేంద్రం నోటిఫై చేసినవాటికే.

ఈసారి విచారణకి నేనూ రాతపూర్వకంగా అభ్యంతరం పంపుతున్నాను. రాష్ట్రంలోని మిలిటరీ స్టేషన్లలో ఇళ్లకు వేసే రేటు, ఈఆర్‌సీ బయట ఇళ్లకు పెట్టిన రేటు ఒకటేనా కాదా, తేడా ఉంటే ఎందుకో చెప్పమని అందులో అడిగాను. క్వార్టర్లలో ఉండేవాళ్లు, ఉండి వచ్చినవాళ్లు మీరూ ఒక కాగితం పంపండి, పోస్టులో పంపినా తీసుకుంటారు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఎంఈఎస్ ఉద్యోగి,
తిరుమలగిరి, సికింద్రాబాద్